ఆర్డర్లు తిరిగొచ్చాయి, నేను పిలవలేదు

సంపాదకులకు నమస్కారం.

మాంద్యం పోయినా ఉద్యోగాలు రాకపోవడానికి పనివాళ్లలో నైపుణ్యం లేకపోవడమే కారణమని మీ పత్రికలో ఒక వ్యాసం చదివాను. మాది హిందూపురం దగ్గర ఊరు. పాతికేళ్లుగా బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలో లేత్ షాపు నడుపుతున్నాను, అంటే లోహాన్ని తిప్పుతూ చెక్కి విడిభాగాలు చేసే షాపు. ఆ వ్యాసంలో నాలాంటి యజమాని ఊసే లేకపోవడం వింతగా ఉంది.

2008 సెప్టెంబరులో అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు దివాలా తీసింది. ఆ పేరు నేనప్పటిదాకా విన్నది లేదు. అక్కడ 2007లో కోటీ అరవై లక్షల దాకా అమ్ముడైన కార్లు, చిన్న ట్రక్కులు 2009లో కోటీ నాలుగు లక్షలకు దిగిపోయాయి. నేను చేసే బుష్‌లు, అంటే ఇరుసు చుట్టూ వేసే చిన్న లోహపు గొట్టాలు, ఆ బండ్లలోకే పోయేవి. ఆర్డరు ఆగింది. పదకొండు మందిలో నలుగురిని సంక్రాంతికి ఊళ్లకు పంపేస్తూ "పిలుస్తాలేప్పా" అన్నాను.

2010 వేసవికి ఆర్డర్లు మళ్లీ వచ్చాయి. నేను పిలవలేదు. ఉన్న ఏడుగురికీ పని పోతుందన్న భయం పట్టుకుంది, పన్నెండు గంటలు చెయ్యమన్నా కిక్కురుమనలేదు. ఆర్డరు మళ్లీ ఆగితే ఓవర్‌టైం మానేస్తే చాలు. మనిషిని మాన్పించడం అట్లా కాదు, ఒకసారి ఆ మొహాలు చూశాను. పైగా చిన్న పరిశ్రమకు 45 రోజుల్లో డబ్బు కట్టాలని 2006 చట్టం చెబుతున్నా, నాకు నాలుగో నెలకు గానీ చెక్కు రాదు. అందాకా జీతాలు నా జేబులోంచే. ఆ ఏడాది చివర్లో అప్పు చేసి పాత సీఎన్‌సీ మిషన్, అంటే కంప్యూటర్‌తో నడిచే లేతు, ఒకటి కొన్నాను. దాని ముందు ఒక్క కుర్రాడు నిలబడితే మూడు లేతుల పని అయిపోతుంది.

పంపించిన నలుగురిలో ఒకాయన సెట్టర్, పనికి తగ్గట్టు మిషన్‌ను, టూళ్లను అమర్చేవాడు. మిషన్ శబ్దం విని, టూలు మొండిబారిందని అవతలి గోడ దగ్గర నుంచే చెప్పేవాడు. రెండేళ్లయ్యాక తానే వచ్చాడు. సీఎన్‌సీ ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు, బటన్లకు ఎక్కడ తగులుతాయోనని. "ఇన్నాళ్లూ ఏం చేసినావు?" అని అడిగాను. పని తీసేసినవాణ్ణి నేనే, అడిగిందీ నేనే. "శనక్కాయ పెట్టినా అన్నా, పండలేదు" అన్నాడు. రెండేళ్లు మిషన్ ముట్టనివాడు మనకెందుకని, అప్పుడే డిప్లొమా అయిన కుర్రాణ్ణి పెట్టుకున్నాను.

అమెరికాలో మాంద్యం 2009 జూన్‌తో ముగిసిందని లెక్క తేల్చారు. నిరుద్యోగం 10 శాతానికి ఎక్కింది మాత్రం ఆ అక్టోబరులో. ఉద్యోగాల సంఖ్య మాంద్యానికి ముందున్నంత కావడానికి 2014 దాకా పట్టింది. అన్నేళ్లూ అక్కడి జనమంతా పని మర్చిపోయి కూర్చున్నారా? నాలాంటి యజమానులు అక్కడా లెక్కలేసుకుని ఉంటారు. 2020 లాక్‌డౌన్ తర్వాతా నేను చేసింది ఇదే, ఈసారి పంపేసింది ఇద్దరిని.

మొన్న ఒక పాత పంపు షాఫ్టుకు ఇంచీ కొలతలో థ్రెడ్ (మర) వెయ్యాల్సి వచ్చింది. మూలనున్న పాత లేతు మీద చేద్దామనుకున్నాను. గేర్లు మార్చడం మా కుర్రాళ్లలో ఒక్కరికీ రాదు. హిందూపురంలో బోరు మోటార్లు బాగుచేసుకుంటున్న ఆ సెట్టర్‌కే ఫోన్ చేశాను. వస్తానన్నాడు గానీ, రెండు రోజుల కూలి, బస్సు చార్జీ ముందే ఫోన్‌పే చెయ్యమన్నాడు.

చేశాను.

— ఒక లేత్ షాపు యజమాని,
పీణ్య, బెంగళూరు