నా మెడ చూసి ఊరుకోని వాళ్లందరికీ

అందరికీ నమస్కారం. తెనాలిలో పాతికేళ్లుగా జాకెట్లు కుట్టుకుంటున్న మనిషిని. ఇంత పెద్ద పోస్టులు రాసే అలవాటు నాకు లేదు. శ్రావణంలో మా అమ్మాయి పెళ్లి ఫోటోలు పెట్టాక "పిన్నీ, మీ మెడ మీద పులిపిర్లు ఏమయ్యాయి? ఏం రాశారు?" అని అడిగినవాళ్లు పదిమందికి తక్కువ లేరు. నేనేమీ రాయలేదు. రాసినందుకే ఒళ్లు కాల్చుకున్నాను. ఆ సంగతీ, దానిలోంచి నన్ను బయటపడేసిన వాళ్ల సంగతీ ఒకేసారి చెప్పేస్తాను.

మొదటి దణ్ణం మా కస్టమరు లెక్చరర్ గారికి. జువాలజీ చెప్పి రిటైరయ్యారు. మే నెల ఎండల్లో జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చారు. టేపు ఎప్పుడూ నా మెడలోనే వేలాడుతుంటుంది కదా, ఆ రోజు మిషను మీద పడి ఉంది. "టేపు దిగిందేమిటమ్మా?" అన్నారు. పైట జరిపి చూపించాను. రూపాయి బిళ్లంత పుండు, చుట్టూ ఎర్రగా వాపు.

ఆరేడేళ్ల కిందట మెడ మీద ఒకటి లేచింది, తర్వాత రెండు, తర్వాత లెక్క మానేశాను. పుస్తెలతాడు ఒరుసుకునేది, టేపు ఒరుసుకునేది. ఓసారి గొలుసులో ఇరుక్కుని తెగి రక్తం కూడా వచ్చింది. మా అత్తయ్యకు తెలిసిన వైద్యం రెండు రకాలు. ఒకటి గుర్రపు తోక వెంట్రుక కట్టడం. పెళ్లి ఊరేగింపుకొచ్చిన గుర్రం అబ్బాయిని బతిమాలి నాలుగు వెంట్రుకలు తెచ్చింది పాపం. ఒకదానికి కడితే నాలుగు రోజుల్లో నల్లబడి రాలిపోయింది కూడా, అబద్ధం చెప్పను. ఆ ధైర్యంతో రెండో వైద్యానికి దిగాం. సున్నంలో చాకలి సోడా కలిపి పుల్లతో అద్దడం. పెళ్లి దగ్గరకొస్తోంది, అన్నీ ఒకేసారి పోతాయని ఆశ. రాత్రంతా మంట. తెల్లారేసరికి చర్మం ఊడొచ్చింది.

అప్పటికే ఒక పార్లర్‌లో అడిగి వచ్చి ఉన్నాను. 26 ఉన్నాయని లెక్కపెట్టి, ఒక్కోదానికి 300 అన్నారు. నడుం పైన కొత్తగా పెరుగుతున్న నల్ల మచ్చ చూపిస్తే "అది ఫ్రీగా కాల్చేస్తాం ఆంటీ" అన్నారు. ఫ్రీ అనగానే నాకు బాగానే ఉంది. లెక్చరర్ గారికి ఈ మాట చెబితే ఆవిడ కళ్లజోడు తీసి నావైపు చూశారు. "కాల్చేస్తే పరీక్షకు పంపడానికి ఏం మిగులుతుంది? అదేమిటో ముందు ఎవరైనా చూశారా?" ఎవరూ చూడలేదు. మర్నాడు పొద్దున్నే నన్ను బస్సెక్కించి గుంటూరు పెద్దాసుపత్రికి ఆవిడే తీసుకెళ్లారు. కొలతలివ్వడానికి వచ్చిన మనిషికి ఏం అవసరం చెప్పండి?

చర్మవ్యాధుల ఓపీలో రెండు గంటలు నిలబడ్డాం. అక్కడ చూసిన డాక్టరమ్మ గారు పేరు రాయొద్దన్నారు, రాయను. పక్కన పీజీ చదువుతున్న డాక్టరమ్మాయి ఒకరున్నారు, మా అమ్మాయి ఈడే. నేను సున్నం, సోడా అనగానే ఆ అమ్మాయి తల పట్టుకుంది. ఆ రెండూ తడిలో కలిస్తే కాస్టిక్ సోడా తయారవుతుందట. "డ్రైనేజీ పైపులు శుభ్రం చేసే మందు ఆంటీ అది. పులిపిరికి ఎంత తగిలిందో మీ మెడకూ అంతే తగిలింది" అంది. అత్తయ్యకు ఇంటికొచ్చి చెబితే "మా కాలంలో సున్నం మంచిది" అంది. సరే.

తీసేయండి అని నేనడిగితే డాక్టరమ్మ గారు తొందరపడలేదు. టార్చిలాంటి ఒక భూతద్దం పెట్టి మెడ, మొహం, చేతులు, వీపు, అరికాళ్లు కూడా చూశారు. నేను అన్నిటినీ పులిపిర్లే అంటున్నాను. ఆవిడ చూస్తే నా ఒంటి మీద నాలుగు రకాలు తేలాయి. ఈ భాగం కాస్త ఓపిగ్గా చదవండి, ఎందుకంటే మన ఊళ్లో అందరం నాలాగే అన్నిటికీ ఒకే పేరు పెట్టేస్తున్నాం.

మెడ మీద సన్నటి కాడతో వేలాడేవి స్కిన్ ట్యాగులు. లోపల కాస్త పీచు, సన్నటి రక్తనాళాలు, పైన మామూలు చర్మం, అంతే. వాటిలో క్రిమి లేదు, ఒకరి నుంచి ఒకరికి అంటవు. చర్మం చర్మానికి ఒరుసుకునే మెడ, చంకలు, గజ్జల్లో వస్తాయి. బొటనవేలి గోరు పక్కన గరుకుగా ఉన్నది మాత్రం అసలు పులిపిరి, వైరస్ వల్ల వచ్చేది. దాన్ని భూతద్దంలో నాకూ చూపించారు. నల్లటి చుక్కలు కనిపించాయి, గడ్డకట్టిన సన్న రక్తనాళాలట. వేలి గీతలు దాని మీదుగా పోకుండా పక్కకు తెగిపోయాయి. అంటుకునేది ఇదొక్కటే. నా దగ్గర కాజాలు కుట్టే అమ్మాయి వేలికి కూడా ఉందని అప్పుడు గుర్తొచ్చింది. దానికి శాలిసిలిక్ యాసిడ్ మందు రాశారు. రోజూ రాత్రి నీళ్లలో నానబెట్టి, గీకి, రాయడం. నెలలు పట్టింది గానీ పోయింది.

బుగ్గల మీద, కళ్ల కింద ఆవగింజల్లా ఉన్న నల్లచుక్కలు మూడో రకం. మా అమ్మకుండేవి, అమ్మమ్మకుండేవి. మనలాంటి చామనఛాయ వాళ్లలో ఇవి మామూలేనట, వంశంలో వస్తాయి, ప్రమాదం లేదు. తీయొచ్చు, కానీ సరిగ్గా తీయకపోతే నల్లచుక్క ఉన్నచోట నల్లమచ్చో తెల్లమచ్చో మిగులుతుంది, పైగా కొత్తవి మళ్లీ వస్తాయి అన్నారు. పెళ్లికి వాటిని ముట్టుకోవద్దనుకున్నాను. ఫోటోల్లో మా అమ్మలాగే పడ్డాను, మా పెద్దమ్మ చూసి ఏడ్చేసింది.

ఇక మెడ మీదే అసలైన పుట్టుమచ్చ ఒకటుంది. రంగునిచ్చే కణాలు ఒకచోట గుంపుకడితే పుట్టుమచ్చ. ఇది నా పదో తరగతి మెమోలో గుర్తింపు మచ్చల కింద రాసి ఉంది! తీసేస్తే రేపు ఎక్కడైనా ఒప్పుకోరేమోనని నా భయం. డాక్టరమ్మ గారు నవ్వి, "చిన్నప్పటినుంచి ఉంది, మారలేదు, మెత్తగా ఉంది. దాన్ని వదిలేద్దాం, మెమో కూడా క్షేమంగా ఉంటుంది" అన్నారు.

అన్నిటికంటే పెద్ద మేలు ట్యాగులు తీయకముందే చేశారు. నా మెడ వెనక నల్లగా, మందంగా, ముఖమల్ గుడ్డలా ఉంటుంది. గొలుసు రాపిడి అనుకుని ఏళ్ల తరబడి పీచుతో రుద్దేదాన్ని. దాని మీద వేలు పెట్టి "ఇది మురికి కాదమ్మా. షుగరు ఎప్పుడు చూపించుకున్నారు?" అన్నారు. ఎప్పుడూ చూపించుకోలేదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయనప్పుడు అది ఎక్కువెక్కువగా ఊరుతుందట, దాంతో చర్మం మందమవుతుంది, ట్యాగులూ లేస్తాయి. అందరికీ అలాగే అని కాదు, సన్నగా ఉన్నవాళ్లకూ, కడుపుతో ఉన్నవాళ్లకూ వస్తాయి అని కూడా చెప్పారు. నాకు మాత్రం రెండు మూడు నెలల సగటు చూసే పరీక్షలో 7.4 వచ్చింది. 6.5 నుంచే షుగరు జబ్బు కింద లెక్క. 48 ఏళ్లు నాకు. మా నాన్న షుగరుతో కాలు పోగొట్టుకున్న మనిషి. ఆ కాగితం పట్టుకుని మెట్ల మీద కూర్చుండిపోయాను. లెక్చరర్ గారు టీ తెచ్చారు, చక్కెర లేకుండా. ఆవిడ ధైర్యం చెప్పే తీరు అలాగే ఉంటుంది.

నడుం పైన మచ్చ సంగతి. దాన్ని మొదట చూసింది మా కాజాల అమ్మాయి, నాకు కొలతలు తీస్తూ. ఏడాదిలో పెరిగింది, దురద. నలభై దాటాక కొత్తగా లేచిన నల్లమచ్చను ఊరికే వదలకూడదట. నేను టైలర్నని తెలుసుకుని పీజీ అమ్మాయి నాకు గుడ్డ భాషలో చెప్పింది, ఇంకా మర్చిపోలేదు. మచ్చను మధ్యకు మడిచినట్టు ఊహించుకోండి, రెండు సగాలూ కలుస్తున్నాయా? అంచు సాఫుగా ఉందా, పీచులు పోయినట్టుందా? ఒకే రంగు దారమా, రెండు మూడు షేడ్లు కలిశాయా? టేపు మీద ఆరు చిన్న గీతలు, అంటే 6 మిల్లీమీటర్లు దాటిందా? అన్నిటికంటే ముఖ్యంగా, మారుతోందా? నా మచ్చ వీటిలో మూడింట్లో తేడాగానే తేలింది. చర్మ క్యాన్సర్లలో మెలనోమా అనేది మనవాళ్లలో అరుదేనట, కానీ వస్తే తరచు అరికాలిలో, అరచేతిలో, గోటి కింద వస్తుంది, అక్కడ మనం చూసుకోం. అరికాళ్లు ఎందుకు చూశారో అప్పుడర్థమైంది. బాబ్ మార్లే అనే పాటగాడికి కాలి గోటి కిందే వచ్చి, 1981లో 36 ఏళ్లకే పోయాడని చెప్పింది. నాకాయన తెలీదు. మావాడి టీషర్టు మీద బొమ్మ ఆయనదేనట.

అందుకే ఆ మచ్చను కాల్చలేదు. మత్తు సూది ఇచ్చి, చుట్టూ కొంచెం మంచి చర్మంతో సహా కోసి, ముక్క పాడవకుండా ఉంచే ఫార్మలిన్ మందు సీసాలో వేసి పరీక్షకు పంపారు. మూడు కుట్లు. అద్దంలో చూసుకున్నాను, ముడులు ఎంత సమానంగా ఉన్నాయో! వంక పెట్టడానికి దొరకలేదు, నా వృత్తిలో ఇది చిన్న మాట కాదు. రిపోర్టు వచ్చేదాకా పది రోజులు టెన్షన్‌తో ఒక్క జాకెట్టుకీ చేతులు సరిగ్గా కూర్చలేదు. ఆ వారం కుట్టించుకున్నవాళ్లు క్షమించాలి, మళ్లీ తెస్తే ఊరికే సరిచేస్తాను. రిపోర్టులో సెబోరిక్ కెరటోసిస్ అని వచ్చింది. వయసుతో వచ్చే మామూలు బుడిపె. మైనం చుక్క అతికించినట్టుంటుంది, క్యాన్సర్ కాదు. ల్యాబులో ఆ కాగితం ఇచ్చిన అబ్బాయి నా మొహం చూసి, చదవకముందే "మంచిదే అమ్మా" అన్నాడు. బాబూ, నువ్వెవరో నాకు తెలీదు, నీ చేతులకు దణ్ణం.

మెడ పుండు మానాక, షుగరు మందులు మొదలుపెట్టాక, జూన్‌లో రెండు విడతలుగా ట్యాగులు తీశారు. మొద్దుబారే క్రీము పట్టించి పైన ప్లాస్టిక్ కాగితం కప్పి గంట ఆగారు. సన్న కాడవి కత్తెరతో ఒక్క కత్తిరింపు, మిగతావి కరెంటు వేడితో కాల్చే కాటరీ మిషనుతో. చీమ కుట్టినంత నొప్పి, వెంట్రుక కాలిన వాసన, అంతే. వారం పది రోజుల్లో పొక్కులు వాటంతటవే రాలాయి. గిల్లొద్దన్నారు, గిల్లలేదు. పసుపు రాయొద్దన్నారు, అత్తయ్య రెండుసార్లు గిన్నెతో వచ్చింది, రెండుసార్లు వెనక్కి పంపాను. ఆ చోట్ల గోధుమరంగు మచ్చలు మిగిలితే ఎండ తగలకుండా కప్పుకోమన్నారు. పెళ్లినాటికి చాలావరకు కలిసిపోయాయి.

అక్కడి సిస్టర్ గారి గురించి చెప్పకపోతే పాపం. కాటరీకి గొలుసు తీయాలి. పుస్తెలతాడు తీయడానికి నా చేయి రాలేదు, కూతురి పెళ్లి ముందు అదేదో అపశకునంలా అనిపించింది. కసురుకోలేదావిడ. దూదిలో చుట్టి, తెచ్చి నా గుప్పిట్లోనే పెట్టారు. "చేతిలో ఉన్నా ఉన్నట్టేనమ్మా" అన్నారు. తర్వాత మెడ మానేదాకా గొలుసు ఒరుసుకోకుండా మల్ గుడ్డతో చిన్న గొట్టంలా కుట్టి తొడుక్కున్నాను. ఆవిడకది ఎంత నచ్చిందో, అలాంటివి ఇంకో ఆరు కుట్టిచ్చాను, అక్కడికొచ్చే ఆడవాళ్ల కోసం.

మా ఆయన ప్రతిసారీ షాపు చూసుకున్నాడు. కాజాల అమ్మాయి లేకపోతే నా వీపు సంగతి నాకు తెలిసేదే కాదు. దాని వేలి పులిపిరికీ అదే మందు ఇప్పించాను. అత్తయ్యకు కోపం తగ్గింది, నిన్న తన మోచేతి మీద మచ్చ చూపించి "ఇది ఏ రకమో మీ డాక్టరమ్మను అడుగు" అంది.

డాక్టరమ్మ గారు పళ్లు కూడా తీసుకోలేదు. ఏం చేయనని అడిగితే ప్రొసీజర్ గదిలో కర్టెన్లు చిరిగాయన్నారు. కొలతలు తెచ్చాను, కుడుతున్నాను.

సిస్టర్ గారూ, మీ రెండు జాకెట్లూ అయ్యాయి. మంగళవారం షుగరు చెకప్‌కి వస్తూ పట్టుకొస్తాను. చేతులు లోపల ఒక అంగుళం వదిలాను, కావాలంటే విప్పుకోవచ్చు.