టైమింగ్ బెల్టు మార్చిన తేదీ కాగితం మీద ఉండాలి

సంపాదకులకు నమస్కారములు.

మన విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల్లో పాత కారు కొనేవారు టైర్లు చూస్తారు, రంగు చూస్తారు, ఇన్సూరెన్సు కాగితాలు చూస్తారు, బానెట్ ఎత్తించి ఇంజన్ శబ్దం శ్రద్ధగా వింటారు. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారని అడిగేవారు తక్కువ. అడిగినా కాగితం చూపించి జవాబు చెప్పే అమ్మకందారు నాకు ఇంతవరకు కనిపించలేదు. ఆ బెల్టు తెగి నష్టపోయినవాడిగా, తరువాత దాన్ని ఇంటి దగ్గర నా చేతులతో మార్చుకున్నవాడిగా ఈ లేఖ రాస్తున్నాను.

పిస్టన్ల కదలికతో తిరిగే క్రాంక్ షాఫ్ట్‌కూ, పైన వాల్వులను తెరిచి మూసే క్యామ్ షాఫ్ట్‌కూ లంకె వేసేది ఈ పళ్ళ బెల్టు. క్రాంక్ రెండు చుట్లు తిరిగేసరికి క్యామ్ సరిగ్గా ఒక చుట్టు తిరగాలి. చాలా ఇంజన్లలో పిస్టన్ పైకి వచ్చే చోటికే తెరుచుకున్న వాల్వు కూడా దిగుతుంది. రెండూ ఒకదాని వెంట ఒకటి వస్తాయి కాబట్టి తగలవు. బెల్టు తెగితే క్యామ్ ఆగిపోతుంది, క్రాంక్ మాత్రం వేగం మీద ఇంకా తిరుగుతుంది, పిస్టన్లు వెళ్ళి వాల్వులను గుద్దుతాయి. మారుతి 800, పాత ఆల్టో, 1.1 లీటరు శాంత్రో, టాటా ఇండికా డీజిల్, 2.5 లీటర్ల ఇన్నోవా డీజిల్, ఇలా మన రోడ్ల మీద నిత్యం కనిపించే ఎన్నో బండ్లు బెల్టు మీద నడిచేవే. 1.3 లీటరు డీజిల్ స్విఫ్ట్‌కూ, మారుతి కె-సిరీస్ పెట్రోలు ఇంజన్లకూ గొలుసు ఉంటుంది. తమ బండికి ఉన్నది బెల్టో గొలుసో తెలియని యజమానులు చాలామంది ఉన్నారు.

దీనికి మన ప్రాంతంలో ఒక ప్రత్యేక కారణం ఉన్నదని నా అభిప్రాయం. ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన సాలూరు లారీలకు పేరుపడ్డ ఊరు. ఒడిశా ఘాట్ ఎక్కి దిగే ఆ లారీల మీదే ఇక్కడ ఎన్నో కుటుంబాలు బతికాయి, మా తరం వారు ఇంజన్ గురించి తెలుసుకున్నదంతా అక్కడి మేస్త్రీల దగ్గరే. పెద్ద లారీ ఇంజన్లలో ఈ లంకెను ఇనుప గేర్లు వేస్తాయి. గేరు అరిగితే మోత పెడుతుంది, గొలుసు సాగితే గలగలలాడుతుంది, విన్న మేస్త్రీ రోగం పట్టుకుంటాడు. అందుకే ఇంజన్ మంచిదా కాదా అన్నది చెవితో తేల్చడం మనకు అలవాటైపోయింది. రబ్బరు బెల్టు విషయంలో ఆ చెవి పనికిరాదు. లోపలి గాజు పోగుల తాళ్ళు అలసిపోయినా బెల్టు చప్పుడు చేయదు. ఒక్కోసారి పైకి పగులు కూడా కనిపించదు. తెగే క్షణం దాకా ఇంజన్ చక్కగానే పలుకుతుంది.

నాకు జరిగింది అదే. కారు అమ్మినవారు బెల్టు మార్చి ఏడాది కూడా కాలేదన్నారు, నేను నమ్మాను. సాలూరు నుంచి వస్తుండగా, రామభద్రపురం దాటాక, ఇంజన్ ఏ హెచ్చరికా లేకుండా ఆగిపోయింది. స్టీరింగ్ బరువెక్కింది, బ్రేకు రెండుసార్లు పట్టాక రాయిలా గట్టిపడింది. వెనక లారీ లేకపోబట్టి కారును ఓరకు తీయగలిగాను. తాళం తిప్పితే స్టార్టర్ ఎన్నడూ లేనంత తేలికగా గిరగిరా తిరిగింది. ఆ తేలికతనం బెల్టు తెగిందనడానికి గుర్తని తెలియక నేను మూడు నాలుగుసార్లు తిప్పాను. ఇలాంటి సమయంలో మళ్ళీ తాళం తిప్పకూడదని పాఠకులకు గట్టిగా చెప్పదలచుకున్నాను. షెడ్డులో ఇంజన్ పైభాగమైన హెడ్డు దించితే వాల్వులు వంగి ఉన్నాయి. బెల్టుకూ, దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్‌కూ అయ్యే ఖర్చుకు పదింతలకు పైగా అయింది. తెగిన బెల్టు వీపు నిండా పగుళ్ళే. అది ఏడాది వయసున్నది కాదని మేస్త్రీ చూడగానే చెప్పారు.

ఇంజన్ బాగుచేయించాక చాలా ఏళ్ళకు గడువు దగ్గరపడినప్పుడు, సాలూరులో లారీ పని నేర్చి తరువాత కార్ల పనిలోకి మారిన ఒక పెద్దాయన సలహాతో నేనే ఇంటి ముందు బెల్టు మార్చాను. ఆ పనిలో బలం కంటే ఓర్పు ఎక్కువ కావాలి. బ్యాటరీ నెగటివ్ తీగ తీసి, ముందు చక్రం విప్పి, కారును జాకీ మీద కాక గట్టి స్టాండ్ల మీద నిలిపాను. ఆల్టర్నేటర్ బెల్టు, క్రాంక్ పుల్లీ, బెల్టు పైమూత తీశాక అసలు విషయం కనిపిస్తుంది. క్రాంక్ పళ్ళ చక్రం మీద ఒక గుర్తు, దానికి ఎదురుగా ఇంజన్ మీద ఒక గుర్తు ఉంటాయి. క్యామ్ చక్రానికీ అటువంటి జత ఉంటుంది. స్పార్కు ప్లగ్గులు విప్పి, క్రాంక్‌ను దాని బోల్టు పట్టుకొని ఇంజన్ తిరిగే దిక్కుకే మెల్లగా తిప్పి, రెండు జతలూ ఒకేసారి కలిసే చోట ఆపాలి. క్రాంక్ గుర్తు ఒక్కటే కలిస్తే చాలదు. క్యామ్ అప్పటికి సగం చుట్టు అవతల ఉండవచ్చు. పాత బెల్టు తీసిన తరువాత ఆ రెండింటిలో దేన్నీ కదపకూడదు.

కొత్త బెల్టు ఎక్కించడంలో నేను చేసిన పొరపాటును దాచను. బెల్టుకు టెన్షనర్ ఉన్న వైపు వదులు ఉండవచ్చు గాని, రెండో వైపు క్రాంక్ నుంచి క్యామ్ దాకా బిగుతుగా ఉండాలి. ఆ బిగువు వైపు నేను కొద్దిగా వదులు వదిలేశాను. టెన్షనర్ లాగగానే ఆ వదులు పోయి, క్యామ్ ఒక పన్ను పక్కకు జరిగింది. గుర్తులు దాదాపు కలిసినట్టే ఉన్నాయని సరిపెట్టుకున్నాను. క్యామ్ చక్రానికి 40 పళ్ళుంటే ఒక పన్ను తేడా అంటే క్యామ్ దగ్గర 9 డిగ్రీలు, క్రాంక్ లెక్కలో 18 డిగ్రీలు. వాల్వు తెరుచుకోవలసిన వేళకు తెరుచుకోదు. కారు స్టార్టయింది గాని నిలిపి ఉంచినప్పుడు వణికింది, ఊరు దాటకముందే బలం లేదని తెలిసిపోయింది. వెనక్కి తెచ్చి, మూత విప్పి, మొత్తం మళ్ళీ చేశాను. రెండు పళ్ళు తప్పి ఉంటే రెండోసారి హెడ్డు దించవలసి వచ్చేదేమో.

ఆ పెద్దాయన ముందే చెప్పి, నేను సగంలో వదిలేసిన పని ఒకటుంది. బెల్టు ఎక్కించి టెన్షనర్ బిగించాక, స్టార్టర్ ముట్టకుండా, క్రాంక్‌ను చేత్తో రెండు నిండు చుట్లు తిప్పి గుర్తులు మళ్ళీ చూడాలి. ఎక్కడైనా గట్టిగా తగిలితే అక్కడే ఆపాలి. బలవంతంగా తిప్పితే వంగేది వాల్వే. కొన్ని కొత్త బెల్టుల మీద గీతలు అచ్చువేసి ఉంటాయి. రెండు చుట్ల తరువాత అవి కలవకపోయినా కంగారు పడనక్కరలేదు, చక్రాల మీది గుర్తులు కలిస్తే చాలు. బెల్టు మరీ బిగిస్తే ఈల వేసినట్టు శబ్దం వచ్చి బేరింగులు పాడవుతాయి, వదిలేస్తే పన్ను దాటుతుంది. ఆయిలు సీలు కారుతుంటే ముందు దాన్ని మార్చాలి, ఎందుకంటే నూనె తగిలిన రబ్బరు త్వరగా చెడుతుంది. నీళ్ళ పంపు కూడా ఇదే బెల్టుతో తిరిగే ఇంజన్లలో దాన్నీ అప్పుడే చూసుకోవాలి.

ఇది చదివి ప్రతివారూ పానా పట్టాలని నేను అనడం లేదు. బోల్టును కొలత ప్రకారం బిగించే టార్క్ రెంచ్, సరైన స్టాండ్లు, ఆ బండి మాన్యువల్ చేతిలో లేనివారు షెడ్డుకే వెళ్ళాలి. ప్రత్యేక పిన్నులతో షాఫ్ట్‌లను బంధించి చేయవలసిన ఇంజన్లను ఇంటి దగ్గర విప్పకపోవడమే మంచిది. అయితే ఎవరు చేసినా, గుర్తులు కలిసిన చోటును, రెండు చుట్లు తిప్పడాన్ని యజమానికి చూపించడానికి పది నిమిషాలు చాలు. మంచి మేస్త్రీలకు దాచవలసినది ఏమీ లేదు. అడిగితే సంతోషంగా చూపించినవారినే నేను చూశాను.

మన షెడ్డులవారికి నా మనవి ఒక్కటే. బెల్టు మార్చిన రోజున ఆ తేదీని, కిలోమీటర్ల అంకెను, టెన్షనర్ కూడా మార్చారా లేదా అన్నదాన్ని తెలుగులో ఒక చీటీ మీద రాసి బెల్టు మూతపై అంటించండి, రశీదులోనూ రాయండి. చాలా కార్లకు గడువు 60,000 నుంచి 1,00,000 కిలోమీటర్ల మధ్య ఉంటుంది, దానితో పాటు ఏళ్ళ లెక్క కూడా ఉంటుంది. తక్కువ తిరిగిన కారులో కూడా ఎండకూ ఇంజన్ వేడికీ రబ్బరు ముదురుతుంది. కారు చేతులు మారితే ఆ సంగతి కొత్త యజమానికి చెప్పగలిగేది ఆ చీటీ ఒక్కటే. చీటీ లేని కారును కొనేవారు బెల్టు మార్చలేదనే అనుకొని, ఆ ఖర్చును ధరలో తగ్గించి బేరమాడాలి.

మోటారు మెకానిక్ ట్రేడు ఉన్న ఐటీఐలు ఏడాదికి ఒకటి రెండు ఆదివారాలు కార్ల యజమానులను పిలిచి, విప్పి పెట్టిన ఇంజన్ మీద ఈ గుర్తులు చూపిస్తే ఎంతో మేలు జరుగుతుంది. మాన్యువళ్ళు ఇంగ్లీషులోనే ఉండడం వల్ల చదవలేకపోతున్న డ్రైవర్లు మనలో చాలామంది ఉన్నారు. వారి కోసం మీ పత్రిక బెల్టు ఉన్న కార్ల పేర్లను, ఒక్కోదానికి కంపెనీ చెప్పిన గడువును తెలుగులో ఒక పట్టికగా ప్రచురిస్తే, దాన్ని కత్తిరించి మా కాలనీలోని కార్ల యజమానులందరికీ పంచే బాధ్యత నేను తీసుకుంటాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
విజయనగరం