పెన్సిళ్ళ డబ్బా ప్రశ్న గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

ఆరో తరగతి ఇంగ్లీషు యూనిట్ టెస్టులో ఏడో ప్రశ్న మీద మూడు రోజులుగా మీ వాట్సాప్ గ్రూపులో జరుగుతున్న చర్చ నా దాకా వచ్చింది. 'ద బాక్స్ ఆఫ్ పెన్సిల్స్' తర్వాత 'ఈజ్' రాయాలా, 'ఆర్' రాయాలా? సగానికి పైగా పిల్లలు 'ఆర్' రాశారు. సరైన జవాబు 'ఈజ్'. మార్కులు మార్చడం లేదు.

అదే మాట తెలుగులో అని చూడండి: పెన్సిళ్ళ డబ్బా బల్ల మీద ఉంది. 'ఉన్నాయి' అని ఏ పిల్లా అనదు. తెలుగులో పెన్సిళ్ళు ముందు వచ్చి, అసలు కర్త అయిన డబ్బా వాటి తర్వాత వస్తుంది. ఇంగ్లీషులో డబ్బా ముందుకు పోయి, క్రియ పక్కకి పెన్సిళ్ళు చేరతాయి. కన్ను వాటి మీదే పడి చెయ్యి 'ఆర్' రాసేస్తుంది. క్లాసులో దీన్ని ముందుగా పట్టుకున్నది వెనక బెంచీలో కూర్చునే అమ్మాయి. "బల్ల మీద ఉన్నది డబ్బా కదా టీచర్, పెన్సిళ్ళు డబ్బాలో ఉన్నాయి" అంది. ఎంత ముచ్చటేసిందో! ఇంకో అబ్బాయి 'ద డాగ్ బార్క్స్, ద డాగ్స్ బార్క్' అని బోర్డు మీద రాసి, 'ఎస్' ఇటుంటే అటుండట్లేదని తనే కనిపెట్టాడు. అన్నిచోట్లా కుదరదు, కానీ ఎవరూ చెప్పకుండా అంత దూరం వెళ్ళాడు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఈ తప్పుల్లో చాలావాటి వెనక మంచి తెలుగు ఉంది. పాలు ఉన్నాయి అంటాం కాబట్టి 'మిల్క్ ఆర్' అని రాస్తారు. అందరూ వచ్చారు అంటాం కాబట్టి 'ఎవ్రీవన్ హావ్ కమ్'. ఒక పాప 'మై గ్రాండ్‌ఫాదర్ ఆర్ కమింగ్' అని రాసింది. తాతగారిని 'వస్తున్నాడు' అనడానికి ఆ పిల్లకు నోరు రాలేదు! ఇంగ్లీషు క్రియలో ఆ మర్యాద ఉండదని చెప్పి దిద్దాం. వచ్చాను, వచ్చావు, వచ్చాడు, వచ్చింది, వచ్చారు: వీటన్నిటికీ ఇంగ్లీషులో 'కేమ్' ఒక్కటే. బడికి రాకముందే ఇవన్నీ నేర్చిన పిల్లలకు ఒక 'ఎస్' ఏపాటి? దయచేసి ఇంట్లో తెలుగు మాట్లాడితే గదమకండి. ఏ మాట ఏ క్రియను అడుగుతుందో వాళ్ళకు తెలిసేది ఆ తెలుగులోనే.

మార్కుల షీట్లు శుక్రవారంలోగా సంతకం చేసి పంపండి, ఐడీ కార్డులు మరచిపోవద్దు, పేరెంట్స్ మీటింగ్ రెండో శనివారం.

హోంవర్క్ విషయం. మీ ప్రేమ నాకు అర్థమవుతుంది. కానీ కిందటి వారం పదకొండు నోటుబుక్కుల్లో పెద్దవాళ్ళ చేతిరాత కనిపించింది, అందులో మూడింటిలో 'షి డజంట్' అని ఉండాల్సిన చోట 'షి డోంట్' అని ఉంది. సోమవారం పది వాక్యాలు ఇస్తున్నాం. తప్పులతోనే పంపండి, దిద్దడానికి మేమున్నాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు