డ్యూటీ చార్టు మారింది బిడ్డా

మహబూబ్‌నగర్
ఆదివారం రాత్రి

బిడ్డా,

నీ మెయిల్ వచ్చిన రోజు మీ నాన్న బిగ్గరగా చదివి వినిపించాడు. ఆయన చదివితే అన్నీ ఒకే రాగంలో ఉంటాయని, వంటయ్యాక ఫోన్ తీసుకుని నేను మళ్ళీ చదువుకున్నాను. వీడియో కాల్‌లో నువ్వు నవ్వుతూనే మాట్లాడావు. కానీ పక్కన నీకు జోడీగా వేసిన ఆ కొత్త అమ్మాయి కూర్చుని ఉంటే నేను అడగాలనుకున్నవేవీ నోటికి రాలేదు. అంతలో మీ నాన్న ఫోన్ లాక్కుని వాన పడుతోందా, బియ్యం ఏం రకం అని మొదలుపెట్టాడు. అందుకే ఈ కాగితం. 2019 కంటే ముందు మీ మోర్మన్ చర్చి సువార్త మిషన్‌లో ఉన్న పిల్లలు ఇంటికి ఫోన్ చేయాలంటే క్రిస్మస్‌కి, మదర్స్ డేకి మాత్రమే వీలుండేదని చెప్పావు చూడు, ఆ తల్లులు ఎట్లా ఉన్నారో నాకైతే అర్థం కాదు. నాకు వారం గడవడమే కష్టంగా ఉంది.

అక్కడ కోయంబత్తూరు వృద్ధాశ్రమంలో వంటగది కడిగారని, గురువారం ఎవరో ఇల్లు మారుతుంటే బీరువా పై అంతస్తుకి మోశారని రాశావు. ఇక్కడ గ్యాస్ బండ కొంచెం జరపమంటే నడుము పట్టేసిందన్న పిల్లవి నువ్వు! సంతోషమే. కానీ బరువు ఎత్తేటప్పుడు మోకాళ్ళు వంచి ఎత్తు, నడుము వంచి కాదు. మా ఆర్టీసీ డిపోలో సగం మందికి నడుం నొప్పులే.

ఆ పనుల గురించి రెండు ముక్కలు రాసి, ఎంతమందితో మాట్లాడారు, ఎన్ని పాఠాలు చెప్పారు, ఎంతమంది ఆదివారం వస్తామన్నారు అని లెక్కలు మాత్రం వరసగా రాశావు. ఈ వారం లెక్క తగ్గిందని బాధపడ్డావు కూడా. నాకు మా బస్సుల ఈపీకే లెక్క గుర్తొచ్చింది. కిలోమీటరుకు ఎంత రాబడి వచ్చిందని రోజూ చూస్తారు. తగ్గితే డిపోలో పిలిచి అడుగుతారు. అడగాల్సిందే, లేకపోతే డీజిల్ ఖర్చు ఎవరు కడతారు. కానీ మరికల్ దాటాక చెయ్యెత్తిన ముసలమ్మ కోసం బస్సు ఆపి, ఆమె గంప ఎక్కించుకుని, సీటు చూపించి కూర్చోబెట్టింది ఆ లెక్కలో ఎక్కడా కనపడదు. ఇప్పుడు ఆడవాళ్ళకు జీరో టికెట్ కొడుతున్నాం, 2023 డిసెంబర్ నుంచి. టికెట్ మీద సున్నా ఉంటుంది, మనిషి మాత్రం సున్నా కాదు కదా. మీ వాళ్ళకు లెక్క పంపాల్సి ఉంటే పంపు. నాకు రాసేటప్పుడు ఆ వృద్ధాశ్రమంలో ఎవరు ఏమన్నారో రాయి.

ఇక అసలు సంగతి. ఇన్నాళ్ళూ నీకు జోడీగా ఉన్న రాజమండ్రి అమ్మాయి వెళ్ళిపోయింది. శనివారం కబురు రావడం, వారం మధ్యలోనే సూట్‌కేస్ సర్దుకుని ఆమె వేరే ఊరు పోవడం, నువ్వు బస్టాండ్‌లో ఏడవడం, అన్నీ చదివాను. ఆరు వారాలకోసారి ఇట్లా మార్పులుంటాయని వెళ్ళే ముందే చెప్పావు, అయినా మనసు ఒప్పుకోదు. ఆ పిల్ల తెలుగు మాట్లాడేది, పులుసు పెట్టేది, రాత్రి పడుకునే దాకా కబుర్లు చెప్పేదని రాశావు. ఇప్పుడొచ్చిన అమ్మాయి ఢిల్లీ వైపు నుంచి. పొద్దున్నే లేస్తుంది, తన పని తాను చేసుకుంటుంది, చింతపండు వేస్తే తినదు, అడిగితే తప్ప మాట్లాడదు. పైగా మన పాలమూరు హిందీ విని నవ్విందట. నవ్వదా మరి! మనం వద్దు అనడానికి 'నక్కో' అంటే ఎవరైనా నవ్వుతారు. నేను బస్సులో అదే హిందీతో ఇన్నేళ్ళు నెట్టుకొచ్చాను, ఎవరూ టికెట్ తీసుకోకుండా దిగలేదు.

నువ్వు ఒక వాక్యం రాశావు: 'అమ్మా, ఈమెకు నేనంటే ఇష్టం లేదేమో.' వచ్చి వారమే అయింది బిడ్డా. ఇరవై నాలుగు గంటలూ ఒకరిని వదిలి ఒకరు ఉండకూడదనేది మీ నియమం. పెళ్ళైన కొత్తలో మీ నాన్న, నేను కూడా అంతసేపు కలిసి లేము.

నేను కండక్టర్‌గా చేరిన కొత్తలో నాతో డ్యూటీ పడిన డ్రైవరన్న కోస్గి వైపు ఆయన. నోటి నిండా మాటలు. హన్వాడ దాటేలోపు బస్సులో సగం మంది బంధువుల వివరాలు చెప్పేసేవాడు. నాకు భయం పోయింది ఆయన వల్లే. టికెట్లు కొట్టడం పూర్తికాకపోతే బండి నెమ్మదిగా పోనిచ్చేవాడు. తర్వాత చార్టు మారింది, ఇంకో ఆయనతో వేశారు. ఆయన పొద్దున బస్సెక్కితే 'ఆఁ', దిగితే 'ఆఁ', అంతే. నేను రైట్ అంటే కదిలేవాడు, హోల్డాన్ అంటే ఆపేవాడు. కోపిష్టి మనిషి అనుకుని నేను కూడా ముడుచుకుని కూర్చునేదాన్ని.

ఆ రూట్లో ఆడ కండక్టర్‌కు ఉన్న పెద్ద కష్టం నీకు చెప్పనక్కర్లేదు. టాయిలెట్. మగవాళ్ళు ఎక్కడైనా బండి పక్కకు పోతారు. మేం నీళ్ళు తాగడం మానేసేవాళ్ళం. ఎండాకాలంలో కూడా. నీళ్ళు తాగక కిడ్నీలో రాళ్ళొచ్చినవాళ్ళు మాలో ఎంతమందో. ఆ మాట్లాడని మనిషి మాత్రం దేవరకద్ర దాటాక ఒక పెట్రోల్ బంకు దగ్గర బండి పక్కకు తీసి, దిగి టైర్లు కొడుతూ తిరిగేవాడు. టైర్లకు ఏమైందో నాకు అర్థమయ్యేది కాదు. బంకులో తలుపున్న టాయిలెట్ ఉంది. ఇది నాకోసమని తెలుసుకోవడానికి కొన్నాళ్ళు పట్టింది. ఆయన ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు, ఎత్తితే నేను సిగ్గుతో చచ్చేదాన్ని. కోస్గి అన్న అంత మంచివాడే, కానీ ఆయనకు ఈ సంగతి ఏ రోజూ తట్టలేదు.

నీ మెయిల్లో శుక్రవారం సంగతి ఒక వాక్యంలో తేల్చేశావు. బస్టాప్‌లో బీహార్ కూలీలు తిరుప్పూర్ బస్సు ఏదో తెలియక నిలబడితే, ఆ ఢిల్లీ అమ్మాయి వెళ్ళి వాళ్ళతో మాట్లాడి, బస్సు వచ్చేదాకా ఉండి ఎక్కించిందని. మెయిల్ మొత్తంలో నాకు నచ్చింది అదే. నీ రాజమండ్రి స్నేహితురాలు ఉండి ఉంటే మీ ఇద్దరూ తెలుగులో కబుర్లు చెప్పుకుంటూ ఆ కూలీల పక్కనుంచే నడిచిపోయేవాళ్ళేమో. తప్పు పట్టడం లేదు, భాష రాకపోతే ఎవరైనా అంతే. మన జిల్లా వాళ్ళు మూటలు నెత్తిన పెట్టుకుని బొంబాయి బస్సెక్కడం నేను ఎన్నిసార్లు చూశానో. అక్కడ దిగాక వాళ్ళకు కూడా ఇట్లా ఎవరైనా ఎదురుపడితే బాగుండునని అనుకునేదాన్ని. ఆమెతో మాట్లాడడానికి ఏం దొరకడం లేదన్నావు కదా, ఆ కూలీలు ఏ ఊరివాళ్ళని చెప్పారో అడుగు. అక్కడినుంచి మాట కలుస్తుంది.

వారానికోసారి ఇద్దరూ కూర్చుని ఒకరిలో ఉన్న మంచి, ఒకరితో వచ్చిన ఇబ్బంది ముఖం మీదే చెప్పుకోవాలని మీకో పద్ధతి ఉందని రాశావు. మా డిపోలో అట్లాంటిది పెడితే యూనియన్ వాళ్ళు గేటు ముందు టెంట్ వేసేవాళ్ళు. కానీ మీకు ఉంది కాబట్టి వాడుకో. చింతపండు సంగతి అక్కడ చెప్పు, కూర ముందు కాదు. ఒక్క జాగ్రత్త: 'ముందు ఉన్నామె ఇట్లా చేసేది' అనే మాట ఆమె ముందు అనకు. కొత్త కోడలి ముందు పెద్ద కోడలిని పొగిడే అత్తలను చూశాం కదా, ఎవరింట్లోనని రాయను, ఈ ఉత్తరం మీ మేనత్త కూడా చదువుతుంది.

జోడీలు మారడం బైబిల్లోనే ఉంది. ప్రభువు శిష్యులను ఇద్దరిద్దరిగా పంపినది మార్కు సువార్త 6వ అధ్యాయంలో అందరూ చదువుతారు. అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయం చివర మాత్రం మన పాస్టర్లు తొందరగా దాటేస్తారు. పౌలు, బర్నబా అంత దూరం కలిసి తిరిగినవాళ్ళు, మార్కును వెంట తీసుకుపోవాలా వద్దా అని గట్టిగా వాదించుకుని విడిపోయారు. బర్నబా మార్కును తీసుకుని ఓడెక్కి కుప్రకు పోయాడు, పౌలు సీలను తీసుకుని సిరియా వైపు పోయాడు. ఆ సీలతోనే తర్వాత ఫిలిప్పీ చెరసాలలో అర్ధరాత్రి పాటలు పాడాడు. ముసలితనంలో తిమోతికి రాసిన రెండో పత్రికలో, మార్కును వెంటబెట్టుకుని రా, అతడు నాకు పనికొస్తాడని అదే పౌలు అడిగాడు. మొదట్లో వద్దన్న మనిషినే. నేను ఇది చర్చిలో ఆడవాళ్ళ కూడికలో చెప్తే ఒకామె 'నీ బిడ్డ పోయిన చర్చి వేరు కదా' అంది. బైబిల్ వేరు కాదు కదా అన్నాను.

అవును, ఆ మాటలు ఇంకా వినపడుతూనే ఉన్నాయి, నీకు దాచను. మన కుటుంబం మెన్నోనైట్ బ్రదరెన్ చర్చి. దేవరకొండ దగ్గర మా అమ్మమ్మ కాలం నుంచి. అప్పటి రష్యా నుంచి అబ్రహాం ఫ్రీసెన్, ఆయన భార్య మరియా 1889లో బయలుదేరి వచ్చి నల్గొండలో పని మొదలుపెట్టారని మా సండే స్కూల్లో నేర్పేవాళ్ళు. డాక్టరమ్మ కాథరీనా షెల్లెన్‌బర్గ్ 1907లో వచ్చి, పెళ్ళి కూడా చేసుకోకుండా ఇక్కడే వైద్యం చేసి, 1945లో షంషాబాద్‌లో కన్నుమూసింది. ఇప్పుడు విమానాలు దిగే ఊరే. ఇన్ని తరాల చర్చిని వదిలి నువ్వు హైదరాబాద్‌లో చదువుకుంటూ ఇంకో సంఘంలో చేరావంటే నాకు కష్టం కలిగింది. బైబిల్ కాక మీకున్న ఇంకో గ్రంథం, ఆ మోర్మన్ గ్రంథం విషయంలో నా మనసు ఇప్పటికీ ఒప్పుకోలేదు, ఒప్పుకున్నట్టు నటించను కూడా. కానీ ఎక్కడినుంచో వచ్చి మన ఊళ్ళో పుండ్లు కడిగిన ఆడవాళ్ళను గొప్పగా చెప్పుకునేదాన్ని, నా బిడ్డ కోయంబత్తూరులో ముసలివాళ్ళ గిన్నెలు కడుగుతుంటే ఎట్లా కాదంటాను? నల్ల బ్యాడ్జి పెట్టుకున్న నీ ఫోటో ఫ్రిజ్ మీద అతికించాను. చుట్టాలు వచ్చినప్పుడు తీయడం లేదు.

పెళ్ళి గురించి అడిగేవాళ్ళకు మీ నాన్న ఒకటే చెప్తున్నాడు: మిషన్ మగపిల్లలకు రెండేళ్ళు, ఆడపిల్లలకు ఏడాదిన్నర, అది అయ్యాక చూద్దాం. ఆయనకు ఆ లెక్క మాత్రం బాగా గుర్తుంది.

టీ వద్దంటే ఇళ్ళలో బాధపడుతున్నారని రాశావు. మీరు టీ, కాఫీ ముట్టరని వాళ్ళకేం తెలుసు. ఇంట్లోకి అడుగుపెట్టగానే, వాళ్ళు స్టవ్ వెలిగించక ముందే, 'అమ్మా, మంచినీళ్ళివ్వండి' అని నువ్వే అడుగు. అడిగి తాగిన నీళ్ళకు ఎవరూ నొచ్చుకోరు.

ఇక్కడ కురుమూర్తి జాతర స్పెషల్ బస్సులు మొదలయ్యాయి. లీవు దొరకడం లేదు, డ్యూటీ అయ్యేసరికి గొంతు పోతోంది. తమ్ముడు పాలిటెక్నిక్‌లో రెండు సబ్జెక్టులు ఉంచుకున్నాడు, వాడికి నువ్వే మెయిల్ రాసి తిట్టు, మేం చెప్తే వినడు. వర్షాలకు వంటింటి గోడ చెమ్మెక్కింది, సున్నం వేయించాలి.

పార్సిల్ పంపుతున్నాను. మురుకులు, పల్లీ పట్టీలు, నువ్వుల పొడి. గుడ్డ కట్టిన డబ్బాలో ఉన్న మురుకులు కారం తక్కువ వేసినవి, అవి ఆమెకు. నీ డబ్బా అయిపోయిందని దానిమీద పడకు. రాజమండ్రి అమ్మాయికి కూడా ఒక పొట్లం పంపాలని ఉంది, ఆమె ఇప్పుడుండే అడ్రస్ పంపు. ఇంకోటి, నువ్వు ఈమెను ఎప్పుడూ ఇంటిపేరుతో సిస్టర్ అనే రాస్తున్నావు. వాళ్ళింట్లో ఏమని పిలుస్తారో కనుక్కుని చెప్పు. ప్రార్థనలో నీ పేరు తర్వాత ఆమె పేరు చెప్పాలి, ఇంటిపేరుతో చెప్పడం నాకు సరిగా అనిపించడం లేదు.

రేపు ఫస్ట్ సర్వీస్ నాదే, నాలుగింటికి లేవాలి. ఉంటాను.

మీ అమ్మ