మంత్రిగారూ, కాలేజీ ఫుట్‌బాల్‌కి ఒక సీజన్ ఇప్పించండి

గౌరవనీయులైన తెలంగాణ క్రీడాశాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

2025 డిసెంబర్ 13న మెస్సీ ఉప్పల్ స్టేడియానికి వచ్చినప్పుడు మా వాట్సాప్ గ్రూపులన్నీ ఆ వీడియోలతోనే నిండిపోయాయి. ముఖ్యమంత్రి గారే జెర్సీ వేసుకుని దిగారు. సంతోషం. 2024లో దేశాల జట్లు ఆడే ఇంటర్‌కాంటినెంటల్ కప్ గచ్చిబౌలిలో జరిగింది, ఆ ఏడాది చివర్లో రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ ఫైనల్ కూడా హైదరాబాద్‌లోనే. ఫుట్‌బాల్ అంటే మీ ప్రభుత్వానికి ఇష్టమేనని తెలుస్తూనే ఉంది. అందులో కొంత కాలేజీ పిల్లల వైపు మళ్లించమని అడగడానికే ఈ ఉత్తరం.

నేను ఉండేది అమెరికాలో, నార్త్ కరోలినా రాష్ట్రంలోని కేరీలో. ఇక్కడి వెంకటేశ్వరస్వామి గుడి వల్ల మనవాళ్లలో చాలామందికి ఈ ఊరు తెలుసు. ఇదే ఊళ్లో వేక్‌మెడ్ సాకర్ పార్క్ ఉంది. ఫుట్‌బాల్‌ని ఇక్కడ సాకర్ అంటారు. 2024 డిసెంబర్ 16, సోమవారం రాత్రి అమెరికా కాలేజీ పురుషుల సాకర్ ఫైనల్ అక్కడే జరిగింది. వెర్మాంట్ యూనివర్సిటీకి, మార్షల్ యూనివర్సిటీకి పోటీ. వెర్మాంట్ కెనడా సరిహద్దులో ఓ చిన్న రాష్ట్రం. రాష్ట్రం మొత్తం కలిపినా జనాభా ఆరున్నర లక్షలు, అంటే మన వరంగల్ నగరం కంటే తక్కువే. టోర్నమెంట్‌లో ఆ జట్టుకి సీడింగ్ కూడా లేదు, అంటే గెలుస్తారనుకున్న మేటి జట్ల లిస్టులో దాని పేరే లేదు.

సెకండ్ హాఫ్‌లో ముందు గోల్ కొట్టింది మార్షల్. 81వ నిమిషంలో మార్సెల్ పాప్ స్కోరు సమం చేశాడు. ఆట అదనపు సమయంలోకి వెళ్లింది. 95వ నిమిషంలో వెర్మాంట్ డిఫెండర్ ఒకడు తమ సగంలోంచి బంతిని తలతో ముందుకు కొట్టాడు. పెద్దగా గురి చూసి కొట్టిందేం కాదు. మాక్సిమిలియన్ కిసెల్ దాని వెంట పడ్డాడు. భుజం రాసుకుంటూ పరిగెత్తిన మార్షల్ డిఫెండర్ తూలి కింద పడ్డాడు, కీపర్ ముందుకొచ్చాడు, కిసెల్ అతన్ని పక్కకి తప్పించి ఖాళీ గోల్‌లోకి బంతిని తోసేశాడు. 2-1. పురుషుల సాకర్‌లో ఆ యూనివర్సిటీకి అదే మొదటి జాతీయ టైటిల్. ఈ కిసెల్ అంతకుముందు రెండో డివిజన్‌లో స్లిప్పరీ రాక్ అనే కాలేజీకి ఆడినవాడు.

ఆ జట్టు అక్కడిదాకా ఎలా వచ్చిందో చూడండి. ఆట ఆగస్టు చివర్లో మొదలైంది. నాలుగు నెలల్లో ఇరవైకి పైగా మ్యాచ్‌లు. వాటిలో ఓడినవీ ఉన్నాయి, డ్రా అయినవీ ఉన్నాయి. క్వార్టర్ ఫైనల్లో పిట్స్‌బర్గ్ వాళ్ల గ్రౌండ్‌కే వెళ్లి 2-0తో కొట్టారు. సెమీస్‌లో డెన్వర్‌తో 1-1, పెనాల్టీల మీద బయటపడ్డారు. మన పద్ధతిలో అయితే మొదటిసారి ఓడిన రోజే వాళ్ల ఏడాది ముగిసిపోయేది.

మన దగ్గర కాలేజీలకి ఉన్నది ఇంటర్ కాలేజ్ టోర్నమెంట్. అదీ నాకౌట్. పదహారు జట్లు వస్తే మొదటి రౌండ్‌తోనే ఎనిమిది జట్లు ఇంటికి. సెలక్టర్ల కంట్లో పడ్డ కుర్రాళ్లతో యూనివర్సిటీ జట్టు కట్టి, కొద్దిరోజులు క్యాంప్ పెట్టి, దక్షిణాది యూనివర్సిటీలు ఆడే సౌత్ జోన్ పోటీలకి పంపిస్తారు. అక్కడ ఓడితే మళ్లీ రైలెక్కడమే. నేను డిగ్రీలో లెఫ్ట్ బ్యాక్‌ని, అంటే ఎడమవైపు డిఫెండర్‌ని. నోటీసు బోర్డులో పేరు పడ్డ వారానికే మ్యాచ్, ఓడిన మర్నాడే జెర్సీ వాపస్. ఉతికి ఇస్త్రీ చేసి ఇవ్వకపోతే పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్ నో డ్యూస్ మీద సంతకం పెట్టేవారు కాదు. జట్టులో ఎవడికి ఏ కాలు వాటమో తెలిసేలోపే అంతా అయిపోయేది.

కాలు అంటే సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ గుర్తొస్తారు. ఉస్మానియాలో చదివి, బడిపంతులుగా పనిచేసి, 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుని తయారుచేసిన మనిషి. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ అనే పేరున్న టోర్నమెంట్ ఆ జట్టుదే. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో భారత జట్టు దక్షిణ కొరియాని 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది ఆయన కోచింగ్‌లోనే. వాటం లేని కాలితోనే ఆడాలని ఆయన కుర్రాళ్లకి ప్రత్యేకంగా పోటీలు పెట్టేవారు. అలాంటి పని వారం రోజుల క్యాంప్‌లో ఎవరివల్లా కాదు.

ఇప్పుడు నా కోరిక. హైదరాబాద్‌లో ఎనిమిది కాలేజీలు తీసుకోండి. ఒక్కో జట్టు మిగతా ఏడింటితో రెండేసిసార్లు ఆడితే జట్టుకి 14 మ్యాచ్‌లు, మొత్తం 56. ఆగస్టులో మొదలుపెట్టి శనివారం శనివారం ఆడించినా నవంబర్‌లో అయిపోతాయి. గ్రౌండ్లు కొత్తగా కట్టక్కర్లేదు, ఉస్మానియా క్యాంపస్, నిజాం కాలేజీ, గచ్చిబౌలి ఉండనే ఉన్నాయి. బస్సు ఛార్జీలు, రిఫరీల ఫీజులు, ఫిజియో ఖర్చు మీ శాఖ పెట్టుకోవాలి. అటెండెన్స్, ఇంటర్నల్స్ సంగతి విద్యాశాఖతో మాట్లాడాల్సింది కూడా మీరే. పీడీలు అడిగితే ప్రిన్సిపాళ్లు వినరు.

అమెరికా పద్ధతి అంతా గొప్పదని నేననను. వెర్మాంట్ గోల్స్ కొట్టినవాళ్లలో యూరప్ నుంచి వచ్చిన కుర్రాళ్లున్నారు. నాలుగు నెలల్లో అన్ని మ్యాచ్‌లు కుక్కితే ఒళ్లు హూనమవుతుందని ఇక్కడి కోచ్‌లే గోల పెడుతుంటారు. మనం వారానికి ఒకటి పెట్టుకుంటే ఆ బాధ లేదు.

క్లబ్బులున్నాయి కదా అంటారేమో. 2022లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి మారిపోయింది. కాలేజీలు ఎక్కడికీ పోవు. అమ్మాయిల లీగ్ కూడా మొదటి ఏడాదే పెట్టండి, తర్వాత చూద్దామంటే అది ఎప్పటికీ రాదు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వెళ్లిన గుగులోత్ సౌమ్య 2025లో దేశంలోనే ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్‌గా ఏఐఎఫ్ఎఫ్ (అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య) అవార్డు తీసుకుంది. ప్రారంభోత్సవానికి ఆమెని పిలిస్తే బాగుంటుంది, పెద్ద పెద్ద ఫ్లెక్సీలు లేకపోయినా ఫర్వాలేదు.

షెడ్యూల్ మాత్రం జూలైలోనే వేయించండి. మ్యాచ్ ఏ రోజో ముందే తెలిస్తే ఇంట్లోవాళ్లు కూడా చూడ్డానికి వస్తారు.

ఇట్లు,
ఓ పాత లెఫ్ట్ బ్యాక్,
కేరీ, నార్త్ కరోలినా