మా బిడ్డ పక్కన కూర్చున్న వాళ్లందరికీ

మొన్న జూన్‌లో ఆయన పని కోసం సిద్దిపేట దగ్గరి మా ఊరు వదిలి హైదరాబాద్‌లోని మూసాపేటకు వచ్చాం. పాపను ఇక్కడే ఎనిమిదో తరగతిలో వేశాం. రెండు వారాలు తిరగకుండానే రోజూ పొద్దున కడుపునొప్పి మొదలైంది. యూనిఫాం వేసుకునేదాకా బాగానే ఉండేది. షూ లేసులు కట్టుకునేటప్పుడు పొట్ట పట్టుకుని గడపలోనే కూలబడేది. రక్త పరీక్షలు, స్కానింగ్ అన్నీ చేయించాం. ఏమీ లేదన్నారు.

అప్పుడు మా వీధి చివరి క్లినిక్‌లో పిల్లల డాక్టర్ గారు ఒకే మాట అడిగారు. "ఆదివారం కూడా నొప్పి వస్తుందామ్మా?" నేను ఆలోచించి రాదన్నాను. "నొప్పి అబద్ధం కాదు, పాపకు నిజంగానే వస్తోంది. ఒకసారి స్కూల్లో మాట్లాడండి" అన్నారు. సార్, మీకు మొదటి నమస్కారం. అంతకుముందు రోజే బడి ఎగ్గొట్టడానికి నాటకాలాడుతున్నావని దాన్ని తిట్టాను. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

స్కూల్లో ముందుగా నోరు విప్పింది ఆయమ్మ. "మీ బిడ్డ డబ్బా తెరవదమ్మా. గంట కొట్టేదాకా నల్లా దగ్గర నిలబడి చేతులు కడుక్కుంటనే ఉంటది." రోజూ డబ్బా నిండుగా తిరిగొస్తుంటే కూర నచ్చలేదేమో అనుకున్నాను నేను. అది ఎవరి పక్కన కూర్చోవాలో తెలియక నిలబడిందని నాకు తట్టనే లేదు. ఊళ్లో పేరుకు ఇంగ్లిష్ మీడియమే కానీ పాఠాలు తెలుగులోనే చెప్పేవారు. ఇక్కడ పాఠం పైకి చదవమంటే తడబడిందట, క్లాసంతా నవ్విందట. ఆ రోజు నుంచి ఎవరితోనూ మాట్లాడలేదు.

క్లాస్ టీచర్ మేడమ్, మీరు చేసిన పని గురించి ఎంత రాసినా తక్కువే. పాపను అందరి ముందు పిలిచి ఓదార్చలేదు, నవ్విన పిల్లల్ని నిలబెట్టి తిట్టలేదు. మర్నాడు దాని చోటు మార్చి కిటికీ పక్క బెంచీలో ఇద్దరమ్మాయిల మధ్య కూర్చోబెట్టారు. లైబ్రరీ రిజిస్టర్ రాసే పని ఇచ్చారు. దాని చేతిరాత గుండ్రంగా ఉంటుంది. అది ఎలా గమనించారో! ముందు మీ దగ్గర ఒంటరిగా చదివించి, నెలన్నర తర్వాత క్లాసులో రెండే రెండు వాక్యాలు చదివించారు. ఆ రోజు ఇంటికొచ్చి ఆ రెండు వాక్యాలూ నాకు నాలుగుసార్లు చదివి వినిపించింది.

కౌన్సెలర్ దగ్గరికి పంపుదామన్నప్పుడు మా ఇంట్లో పెద్ద గొడవే అయింది. మానసిక ఆసుపత్రి ఉన్న ఎర్రగడ్డ పేరును మన దగ్గర తిట్టులా వాడతారు కదా, "పిల్లకు పిచ్చి అంటగడతారా" అని మా అత్తమ్మ ఏడ్చింది. కౌన్సెలర్ మేడమ్ అత్తమ్మను కూడా పిలిపించి, చేయి పట్టుకుని మాట్లాడారు. పాప చెప్పినవి మాకు చెప్పే ముందు పాపనే అడిగారు. ఇంటికి రాగానే "ఏమైంది, ఎవరేమన్నారు" అని గుచ్చి గుచ్చి అడగొద్దని, టీ తాగుతూ పక్కన కూర్చుంటే చాలని నాకు చెప్పారు. మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేసి మాట్లాడమని 14416 నంబరు రాసిచ్చింది కూడా ఆవిడే.

ఆ నంబరు ఎస్ఏ-1 పరీక్షల ముందు రాత్రి అక్కరకొచ్చింది. పదకొండు గంటలకు పాప గోడవైపు తిరిగి "రేపు తెల్లారకపోతే బాగుండమ్మా" అంది. నా కాళ్లూ చేతులూ ఆడలేదు. ఫోన్ ఎత్తినావిడ తెలుగులోనే నిదానంగా మాట్లాడింది. చచ్చిపోవాలనిపిస్తోందా అని పాపను సూటిగా అడగమంది, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదంది. అడిగాను. లేదంది, భయమేస్తోందంది. రాత్రంతా పక్కనే పడుకున్నాను. మర్నాడు కౌన్సెలర్‌కు చెప్పాం. టెలీ మానస్ అని 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన సేవ అది, పైసా ఖర్చు లేదు, 24 గంటలూ పలుకుతారు. పేరు తెలియని అక్కా, నీకు దండం.

ఇది చదివే తల్లిదండ్రులకు ఒక మాట. మీ పిల్లల స్కూల్లో, కాలేజీలో కౌన్సెలర్ ఉన్నారా అని అడగండి. విశాఖలో చదువుకుంటూ చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది: 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న చోట అర్హత గల కౌన్సెలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో ఒక్కరైనా ఉండాలని. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయొద్దని, అందరి ముందు అవమానించొద్దని కూడా. అడిగే హక్కు మనకుంది, మొహమాటపడకండి.

చివరగా ఆ కిటికీ బెంచీ అమ్మాయిలిద్దరికీ. మొదటి రోజు ఏమీ అడగకుండా మీ డబ్బాలు తెరిచి మధ్యలో పెట్టారట కదా బిడ్డా. సంక్రాంతికి ముగ్గురికీ సరిపడా సకినాలు చేసి పంపాను, అవి మొదటి బెల్లుకే అయిపోయాయని తెలిసింది. నిన్న మా పాప డబ్బా ఖాళీగా వచ్చింది. మూత మాత్రం మాది కాదు.