కండక్టరు గారి దగ్గర ఓ గంట

సంపాదకులు గారికి,

మా ఆయన ఆర్టీసీలో 31 ఏళ్లు కండక్టరు. ఎక్కువ కాలం తెనాలి–గుంటూరు రూటులోనే చేశారు. నాలుగేళ్ల కిందట డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, మొదలైంది. ఇప్పుడు తెల్లవారుజామున మూడింటికే లేచి ఖాకీ చొక్కా కోసం బీరువాలో బట్టలన్నీ కిందకి లాగేస్తారు. "చిల్లర సరిగ్గా ఇచ్చానా?" అని రోజంతా అడుగుతూనే ఉంటారు. ఇచ్చారండీ అంటాను. నన్ను బస్సెక్కిన ఆవిడనుకునే రోజులూ ఉన్నాయి.

ఆయనకొచ్చే పీఎఫ్ పింఛను నాలుగు వేలు దాటదు. నేను జాకెట్లు కుడతాను. ఆయన్ని కనిపెట్టుకుని ఉంటే మిషను ఆగుతుంది. మిషను ముందు కూర్చుంటే ఆయన రోడ్డెక్కుతారు. సంక్రాంతి ముందు అలాగే వెళ్లిపోయి, బస్టాండులో దొరికారు. అది తెలిసి ఆయనతో పనిచేసినవాళ్లు చందాలు పోగుచేసి 42 వేలు నా చేతిలో పెట్టారు.

"పెద్దతనంలో చాదస్తం మామూలే, దీనికి చందా ఏంటి" అని ఒకరిద్దరు అన్నారట. ఇది చాదస్తం కాదండీ, మెదడుకొచ్చే జబ్బు. మన దేశంలో 60 దాటినవాళ్లలో నూటికి ఏడుగురికి పైగా, అంటే దాదాపు 88 లక్షల మందికి ఉందని 2023లో వచ్చిన సర్వే లెక్క.

గుండె ఆపరేషనుకైతే చందా ఒక్కసారి వేస్తే సరిపోతుంది. ఇది ఏళ్ల తరబడి సాగుతుంది. ఉన్న మందులు జబ్బును పోగొట్టవు. ఖర్చంతా డైపర్లకీ, కనిపెట్టుకునే మనిషికీ. పగలంతా ఉండే మనిషికి నెలకు 18 వేలు అడిగారు. చివరికి పక్కవీధి అమ్మాయిని పదింటి నుంచి ఒంటిగంట దాకా మూడు వేలకు కుదుర్చుకున్నాను. ఆ 42 వేలతో 14 నెలలు గడుస్తుంది. ఆ మూడు గంటలూ మిషను తిరుగుతోంది.

ఇంకో సంగతి రాయాలి. మంగళ, శుక్రవారాల్లో సాయంత్రం ఆ స్నేహితుల్లో ఒకరు వచ్చి కూర్చుంటారు. "అంగలకుదురు, సంగం జాగర్లమూడి" అని మొదలుపెడితే చాలు, "నారాకోడూరు దిగేవాళ్లు ముందుకి రండి" అని మా ఆయన అందుకుంటారు. ఆ గంటలో నేను తలస్నానం చేసి గుడికి వెళ్లొస్తాను. డబ్బిచ్చిన రోజు అందరికీ దండం పెట్టాను. ఈ గంట కోసం మాత్రం వారమంతా ఎదురుచూస్తాను.

వీధి కమిటీలకు నా మనవి ఒకటే. చవితి చందాల్లోంచి నెలకు మూడు వేలు ఇలాంటి ఇంటికి పక్కన పెట్టండి, లెక్క పుస్తకంలో రాయండి. డబ్బుతో పాటు మీలో ఒకరు వెళ్లి ఓ గంట కూర్చోండి. వెళ్లేముందు ఆ మనిషి ఇదివరకు ఏ పని చేసేవారో ఇంట్లోవాళ్లని అడిగి తెలుసుకోండి.

— ఒక కండక్టరు గారి భార్య, తెనాలి